దుర్భిణి

ఎయిమ్స్ మొదలుకొని నోయిడా, గురుగ్రామ్ ఆసుపత్రుల దాకా ఢిల్లీ జనం కొలనోస్కోపీని పెద్దపేగు ‘దూర్బీన్ జాంచ్’ అంటారు. అక్కడి తెలుగువారికి ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. అది మన దుర్భిణే. పారసీలో ‘దూర్’ అంటే దూరం, ‘బీన్’ అంటే చూసేది. కొలనోస్కోపీకి మూలం గ్రీకు: ‘కొలోన్’ పెద్దపేగు, ‘స్కోపైన్’ చూడటం.

రెండు మాటల్లోనూ ఉన్నది చూపే. కొలనోస్కోపీ గొట్టాన్ని లోపలికి నడిపే విద్యకూ అదే ఆధారం. రోగిని ఎడమపక్కకు తిప్పి పడుకోబెడతారు. దారి కనిపిస్తేనే ముందుకు, గోడ అడ్డొస్తే కాస్త వెనక్కి. పెద్దపేగు చివరి భాగంలోని సిగ్మాయిడ్ మలుపులో గొట్టం చుట్ట తిరిగితే, తోసేకొద్దీ నొప్పి పెరుగుతుందే తప్ప కొన కదలదు. అప్పుడు వెనక్కి లాగుతూ, ఎక్కువసార్లు కుడివైపుకు మెలితిప్పి, తిన్నగా చేయాలి. గాలి వీలైనంత తక్కువ నింపాలి. తిన్నగా ఉన్న గొట్టం 70–80 సెంటీమీటర్లకే పెద్దపేగు మొదలైన సీకం చేరుతుంది. అపెండిక్స్ రంధ్రం, ఇలియోసీకల్ కవాటం కనిపిస్తేనే చేరినట్టు లెక్క. అసలు వెతుకులాట తిరుగుదారిలో. దానికి కనీసం 6 నిమిషాలు కేటాయించాలి.

1969లో న్యూయార్క్‌లో వైద్యులు షిన్యా, వుల్ఫ్ ఈ గొట్టం గుండానే పాలిప్‌లు (పేగు లోపలి గోడపై పెరిగే బొడిపెలు) తీయడం మొదలుపెట్టారు. అంటే చూసిన చోటే చికిత్స.

బెదిరిన రోగికి ‘గొట్టం వేస్తారు’ అనకండి, ‘దుర్భిణితో చూస్తారు’ అనండి. ధైర్యమూ వస్తుంది, చెప్పిందీ నిజమవుతుంది.