గాజుతొట్టెలో బతికిపోయిన ఆక్సోలోటల్

1864లో మెక్సికో నుంచి 34 ఆక్సోలోటల్‌లు ప్రాణాలతో పారిస్ చేరాయి. అంతకు ముందు ఏడాదే ఫ్రెంచి సైన్యం మెక్సికో నగరాన్ని పట్టుకుంది. ఆ దండయాత్ర పుణ్యమా అని ఓడెక్కిన జీవాల్లో ఇవి కొన్ని. జానెడు పొడవు, నల్లమట్టి రంగు ఒళ్లు, తలకు రెండు వైపులా కుచ్చుల్లా వేలాడే మొప్పలు. చూస్తే కప్పపిల్ల పెద్దదై కూడా కప్ప కావడం మరిచిపోయినట్టుంటుంది. ఇవాళ ప్రపంచంలోని ప్రయోగశాలల్లోనూ ఇళ్లలోని గాజుతొట్టెల్లోనూ ఈదుతున్న ఆక్సోలోటల్‌లలో అత్యధిక భాగం ఆ 34 జీవాల సంతతే. బయటి నుంచి పెద్దగా కొత్త జీవాలు రాకుండానే ప్రయోగశాలల్లో తరతరాలుగా నిలిచిన జంతుసంతతుల్లో ఇంతకంటే పాతది లేదంటారు చరిత్రకారులు. విదేశీ ఉభయచరాలనూ సరీసృపాలనూ సరదాకు పెంచేవాళ్లు తమ అభిరుచిని సమర్థించుకోవడానికి తరచు ఈ కథే చెబుతారు: మేం పెంచబట్టే ఈ జీవి మిగిలింది, మేం చూపించబట్టే పిల్లలకు తెలిసింది అని. ఆ మాట సగమే నిజం. ఈ జీవి నిలబడింది ఎవరో సొంతం చేసుకున్నందువల్ల అనుకోను. దాని గుడ్లనూ, గుడ్లతోపాటు తాము గమనించిన సంగతులనూ పదిమందికీ పంచిన అలవాటే దాన్ని నిలబెట్టింది. ఆ పంపకంలో చేరకుండా పోయినది ఒకటుంది. నష్టమంతా అక్కడే జరిగింది.

పారిస్ చేరేనాటికి ఆక్సోలోటల్ ఐరోపాకు పేరు తెలిసిన జీవే, కాని బతికున్నది ఎవరూ చూడలేదు. మెక్సికో లోయలోని సోచిమిల్కో, చాల్కో సరస్సుల ప్రజలకు అది ఆహారం, మందు. అజ్టెకుల షోలోట్ల్ దేవుడు బలి తప్పించుకోవడానికి వేషాలు మార్చి మార్చి చివరకు నీళ్లలో ఈ రూపంలో దాక్కున్నాడని వాళ్ల కథ. దానికి శాస్త్రీయ నామం పెట్టింది 1798లో ఇంగ్లండులోని ప్రకృతిశాస్త్రవేత్త జార్జ్ షా. అంతకు ఏడాది ముందు, విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను వర్ణించిన పాట్రిక్ రస్సెల్ పేరును మన రక్తపింజరికి తగిలించినది కూడా ఈయనే. ఆ రోజుల్లో దూరదేశపు జీవులన్నీ సారాయి సీసాల్లో పడి వచ్చేవి. యాత్రికుడు హంబోల్ట్ తెచ్చిన అలాంటి నమూనాలనే ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త కువియే కోసి చూశాడు. ఇది ఏదో సాలమాండర్‌కు పిల్లదశ అయ్యుండాలని అనుమానించాడు గాని తేల్చి చెప్పలేకపోయాడు. సీసాలో ఉన్న జీవి పెద్దయితే ఏమవుతుందో ఎంత గొప్ప శరీరశాస్త్రవేత్తకైనా ఎలా తెలుస్తుంది? పెంచి చూడాల్సిందే.

వచ్చిన 34లో ఆరు పారిస్ ప్రకృతిశాస్త్ర మ్యూజియం ప్రొఫెసరు ఆగస్త్ ద్యుమెరిల్ చేతికి అందాయి. 1865 జనవరిలో అవి గుడ్లు పెట్టాయి. మొప్పలున్న ‘పిల్ల’లే పిల్లలను కన్నాయన్నమాట. కాబట్టి ఇవి పిల్లలు కావు, పెద్దవే అని తేల్చుకునేలోపు ఆ ఏడాదే ఇంకో చిత్రం జరిగింది. పుట్టినవాటిలో కొన్ని మొప్పలు రాల్చుకుని, ఒంటి మీద పసుపుపచ్చ మచ్చలు తెచ్చుకుని, నేలమీద నడిచే సాలమాండర్‌లైపోయాయి. తల్లిదండ్రులు నీళ్లలో, బిడ్డలు గట్టుమీద. ఇది ఎందుకు జరిగిందో ద్యుమెరిల్‌కు అంతుబట్టలేదు. కాని పిల్లలు విపరీతంగా పెరిగిపోయాయి, వాటిని ఆయన దాచుకోలేదు. అప్పటికి ఐరోపాలో అక్వేరియం మోజు పదేళ్లుగా సాగుతోంది. విదేశీ జీవాలను మన వాతావరణానికి అలవాటు చేద్దామనే సంఘాలు ఫ్రాన్సులో మొదలై ఊరూరా లేచాయి. పారిస్ సంతతి ఆ సంఘాల సభ్యుల ద్వారా, తొట్టెలు పెట్టుకున్న సామాన్యుల ద్వారా ఖండమంతా పాకింది. ఫలానా ప్రశ్నకు జవాబు కోసమని కాదు, పెంచడానికి తేలిక, చూడటానికి వింత, అందుకని. చేతులు మారిన ప్రతిసారీ ఎలా పెంచాలో, ఏం తినిపించాలో, నీళ్లు ఎంత చల్లగా ఉండాలో అన్న సంగతులూ వాటితోపాటే చేతులు మారాయి. 1870లో ప్రష్యన్లు పారిస్‌ను ముట్టడించారు. ఆ మొదటి 34 జీవాలు దిగిన తోటలోని ఏనుగులను సైతం నగరం వండుకు తింది. ద్యుమెరిల్ ఆ ముట్టడి రోజుల్లోనే చనిపోయాడు. పారిస్ తొట్టెలన్నీ పగిలినా ఆక్సోలోటల్ వంశానికి ఢోకా లేదు, అది అప్పటికే సరిహద్దులు దాటి శత్రుదేశంలోనూ గుడ్లు పెడుతోంది.

ఆ గుడ్లు ఎవరి చేతికి చేరాయన్నది ముఖ్యం. ద్యుమెరిల్ వదిలేసిన ప్రశ్నను ముందుకు తీసుకుపోయింది మ్యూజియం ప్రొఫెసరు కాదు, ఫ్రైబుర్గ్‌లోని మరీ ఫాన్ షొవాఁ అనే మహిళ. ఆమెకు విశ్వవిద్యాలయంలో పదవి లేదు, ఉన్నదల్లా ఓపిక. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త వైస్‌మాన్ కోరిక మీద 1870లలో ఆమె ఆక్సోలోటల్ పిల్లలను కంటికి రెప్పలా సాకింది. నీటిమట్టాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, అవి గాలి పీల్చక తప్పని స్థితి కల్పించి, వాటిని గట్టెక్కించింది. ఏ రోజు ఏ మార్పు వచ్చిందో రాసి అచ్చువేయించింది. ఆ ఫలితాల మీదనే వైస్‌మాన్ పరిణామవాదంపై తన వ్యాసం కట్టాడు. అసలు కీలకం తర్వాత బయటపడింది. 1913లో లౌఫ్‌బెర్గర్, 1920లో జూలియన్ హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు పశువుల థైరాయిడ్ గ్రంథి మేత పెట్టగానే ఆక్సోలోటల్ సాలమాండర్‌గా మారిపోయింది. తెగిన కాలునూ తోకనూ తిరిగి మొలిపించుకునే దాని శక్తి మీద పరిశోధన నేటికీ సాగుతోంది. మనిషి జన్యురాశికి పదింతలు, 3,200 కోట్ల అక్షరాలున్న దాని జన్యురాశిని 2018లో చదివేశారు.

ఇదంతా శాస్త్రం ఘనత, సరదాగా పెంచేవాళ్లకు ఇందులో వాటా ఎక్కడిది అని అడగవచ్చు. ప్రశ్న వచ్చేవరకూ జీవిని బతికించి ఉంచినవాళ్లు వాళ్లు. థైరాయిడ్ గురించి ఎవరికీ తెలియని 50 ఏళ్ల పాటు ఆ వంశం ఆరిపోకుండా నడిచింది. అయితే ఈ మెప్పు పెంపకందార్లందరికీ చెల్లదు. రెండో ఆక్షేపణ గట్టిది: ఈ అభిరుచి అడవిని దోస్తుంది, రోగాలను మోస్తుంది. నిజమే. ఆసియా నుంచి పెంపుడు జంతువులుగా వచ్చిన న్యూట్ అనే సాలమాండర్‌లతోనే ఒక బూజురోగం ఐరోపాకు చేరిందని పరిశోధకులు భావిస్తున్నారు. దాని దెబ్బకు నెదర్లాండ్స్‌లోని ఫైర్ సాలమాండర్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ భయంతోనే 2016లో అమెరికా 201 జాతుల సాలమాండర్‌ల దిగుమతిని ఆపేసింది. మన సంగతే చూడండి. రాయలసీమ పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలు మనకు ఊరి జీవి, బ్యాంకాక్ కొనుగోలుదారుకు విదేశీ వింత. సంచుల్లో కుక్కి, విమానాలెక్కించి చాటుగా తరలించిన తాబేళ్ల వెంట ఏ కాగితమూ పోదు, ఏ పరిశీలనా తిరిగి రాదు. ఆ దొంగరవాణా ముదిరి 2019లో వన్యజీవుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఆ తాబేలును వాణిజ్య నిషేధపు మొదటి జాబితాలోకి చేర్చింది. రెండు చరిత్రల్లోనూ ఉన్నది పెంపకమే. ఒకదానిలో ఒక్కసారి వచ్చిన జీవాలు 160 ఏళ్లు పంపకంలో నడిచాయి, రెండోదానిలో ప్రతి తొట్టెకూ కొత్తగా ఒక పొద ఖాళీ అవుతుంది. కాబట్టి ఆక్షేపణ పెంపకం మీద కాకుండా దాపరికం మీద నిలుస్తుంది.

ఇక మిగిలింది అసలు చిక్కు: ఆక్సోలోటల్‌ను కాపాడామన్న మాట. చాల్కో సరస్సును ఎండగట్టారు. సోచిమిల్కో ఇప్పుడు మెక్సికో నగరం చుట్టుముట్టిన కొన్ని కాలువలు, మధ్యలో చినాంపాలనే పూర్వపు మడులు, అంతే. గత శతాబ్దం చివరి దశకాల్లో పేదల పోషణకని వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు ఆక్సోలోటల్ గుడ్లనూ పిల్లలనూ తిన్నాయి, మురుగు మిగతా పని చేసింది. 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉన్నవి 2014 నాటికి 36కు పడిపోయాయి. అదే కాలంలో తొట్టెల్లో వాటి సంఖ్య పెరుగుతూనే పోయింది. 2021లో మెక్సికో 50 పెసోల నోటు మీద దాని బొమ్మ వేశారు, అదే ఏడు పిల్లల కంప్యూటర్ ఆటలోకీ ఎక్కింది. పిల్లలకు తెలిసినది మాత్రం గులాబీరంగు ఒళ్లూ ఎర్ర మొప్పలూ ఉన్న తెల్లరకం. సరస్సులోది నల్లటిది, నాచులో కనబడదు. పైగా తొట్టె సంతతి అచ్చంగా పాతదీ కాదు. 1962లో అమెరికా పరిశోధకుడు హంఫ్రీ ఆల్బినో లక్షణం కోసం టైగర్ సాలమాండర్ రక్తం కలిపాడు, అది ప్రపంచమంతటా పాకింది. అమెరికాలో కెంటకీలోని ఆక్సోలోటల్ పెంపక కేంద్రం ఇప్పటికీ పరిశోధనశాలలకూ తరగతి గదులకూ గుడ్లు పంపుతోంది. వాటితో మొప్పలూ కాళ్లూ జన్యువులూ నేర్పవచ్చు. సోచిమిల్కో నేర్పడానికి ఆ గుడ్లు చాలవు. పంపకంలో చేరనిది ఆ సరస్సే.

ఇంటి సంతతిని నీళ్లలో వదిలితే సరిపోదా అంటే, వదిలే నీరుంటే కదా. 2017, 2018లలో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, చినాంపా రైతులతో కలిసి బాగుచేసిన కాలువలోనూ మరో కృత్రిమ మడుగులోనూ, 18 పెంపుడు ఆక్సోలోటల్‌లకు రేడియో పరికరాలు కట్టి వదిలారు. అవి బతికాయి, వేటాడాయి, బరువు పెరిగాయి. 2025లో ఆ ఫలితం వెలువడింది. తొట్టెలో పుట్టినది చెరువును మరచిపోలేదు, చెరువే ముందు ఉండాలి. అక్కడ సగం పని నీటిని వడపోసేందుకు రైతులు చేసిన ఏర్పాట్లదే.

మన దేశంలోనూ ఈ అభిరుచి ఊపందుకుంది. ఆక్సోలోటల్ అదే అంతర్జాతీయ ఒప్పందపు రెండో జాబితాలోని జీవి. 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నియమాల ప్రకారం అలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లో ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చాలామంది దీన్ని ఆఫీసు తలనొప్పిగానే చూస్తారు. నిజానికి జీవితోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలూ చేతులు మారాలన్న పాత పద్ధతి ఇది. కొనబోయే ముందు అమ్మేవాణ్ని రెండే అడగండి: దీని తల్లిదండ్రులు ఎక్కడివి, ఎక్కడ పుట్టింది? కాగితంతో జవాబు చెప్పలేకపోతే ఆ జీవిని అక్కడే వదిలేసి రండి.