టంకం మరక

నాణేలు సేకరించేవాళ్ళు ముందు నాణేన్ని చూస్తారనుకుంటాం. పాత అమెరికన్ బంగారు నాణేలు వేలానికి వచ్చినప్పుడు కొందరు ముందు చూసేది అది ఉన్న ప్లాస్టిక్ డబ్బీని. డబ్బీ పాతదైతే, దాని మీద లేబుల్ వెలిసిపోయిన లేతాకుపచ్చ రంగులో ఉంటే, పాట ఇంకొంచెం పైకి పోతుంది.

కథ 1986లో మొదలవుతుంది. ఆ ఏడాది పీసీజీఎస్ అనే కంపెనీ నాణేల్ని పరీక్షించి, 1 నుంచి 70 లోపు ఒక మార్కు వేసి, తెరిస్తే తెలిసిపోయేలా డబ్బీలో సీలు చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఎన్‌జీసీ వచ్చింది. పీసీజీఎస్ తొలి డబ్బీల్లో నాణెం వదులుగా ఉండి, ఊపితే గలగలమనేది. వాటికి ‘రాట్లర్’ అని ముద్దుపేరు. ఎన్‌జీసీ మొదట్లో కొన్నాళ్ళే వాడిన నల్ల డబ్బీలు ఇప్పుడు వాటికవే అపురూపం.

ఈ మోజు వెనక మంచి లెక్కే ఉంది. మార్కులు వేయడంలో తొలినాళ్ళ పట్టుదల తర్వాత తగ్గిందని సేకర్తల నమ్మకం. అప్పట్లో 63 వచ్చిన నాణేన్ని ఇవాళ మళ్ళీ పంపిస్తే 64 రావచ్చు. ఆ ఒక్క మార్కు తేడా కొన్ని నాణేలకు వేల డాలర్లు. అందుకే చాలామంది పాత డబ్బీలు పగలగొట్టి కొత్త మార్కు కోసం పంపారు. పగిలినకొద్దీ మిగిలినవి అరుదైపోయాయి. ఎన్‌జీసీని స్థాపించిన జాన్ అల్బనీజ్ 2007లో సీఏసీ అని ఇంకోటి పెట్టి, ఇతరుల డబ్బీల మీద స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టాడు. బంగారు రంగు స్టిక్కర్ ఉందంటే ఆ నాణేనికి మార్కు తక్కువ పడిందని అర్థం. తీర్పు మీద ఇంకో తీర్పన్నమాట. మా ఆఫీసులో కోడ్ రివ్యూకి కూడా రివ్యూ ఉంటుంది కాబట్టి నాకిది వింతగా అనిపించదు.

ఈ 70 మార్కుల కొలబద్ద విలియం షెల్డన్ 1949లో తయారుచేసింది. మనుషుల శరీరాకృతిని బట్టి స్వభావాన్ని వర్గీకరించబోయిన సైకాలజిస్టు ఆయన. పాత అమెరికన్ రాగి సెంట్ల కోసం వేసిన ఈ లెక్క మొదట ధరల లెక్కే: 1 మార్కు నాణెం ఒక డాలరు చేస్తే 70 మార్కులది డెబ్భై డాలర్లు. ధరల పొంతన త్వరలోనే పోయింది, అంకెలు మాత్రం నిలిచాయి. ఇప్పుడు ఆ అంకెలతోనే ప్రపంచంలోని నాణేలన్నీ కొలుస్తున్నారు. మన చార్మినార్ అష్రఫీని కూడా.

నిజాముల అష్రఫీలు ఇలాంటి డబ్బీల్లో విదేశీ వేలాలకు వస్తూనే ఉంటాయి. దాదాపు పదకొండు గ్రాముల బరువు, మధ్యలో చార్మినార్, చుట్టూ పర్షియన్ అక్షరాలు. చార్మినార్ కమాను లోపల చిన్న అక్షరం ఒకటుంటుంది: ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ‘అయిన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఇవి 1903లో సైఫాబాదుకు మారిన టంకసాల యంత్రాల మీద అచ్చయినవి. ఆ భవనంలో 2022లో మ్యూజియం పెట్టారు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఒకసారి చూసి రండి. అష్రఫీలో సగం, పావు, పరక కూడా ఉండేవి. బజారు ఖర్చుకి హాలీ సిక్కా రూపాయలు. అష్రఫీ అంటే నిజాం ముందు వంగి సమర్పించే నజరానా, లేదంటే దాచుకునే బంగారం.

ఈ దాచుకోవడం దగ్గరే నాకు వేలం కేటలాగులతో పేచీ. నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. అక్కడ బంగారం అంటే చీటీ పాట, లాభాల వాటా, రిటైర్మెంటు డబ్బులు. దసరాకు సింగరేణి వాటా, దీపావళికి బోనసు పడ్డాయంటే లక్ష్మీనగర్ బంగారం షాపుల్ల నిలబడే జాగ ఉండదు. కంపెనీ 1920లో ఏర్పడింది, 1945లో దాని వాటాల్లో ఎక్కువ భాగం నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. అష్రఫీ కొట్టించిన సర్కారే బొగ్గు తవ్వించింది. కానీ మా కాలనీ క్వార్టర్లలోకి అష్రఫీలు వచ్చింది కంపెనీ జీతంతో కాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి పెళ్ళయి వచ్చిన ఆడవాళ్ళ మెడల్లో వచ్చాయి, గుండ్ల మధ్యన, రింగు అతికించిన పావు అష్రఫీలుగా.

మా అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చిన పావు అష్రఫీ అట్లాంటిదే. రింగు అతికించిన చోట అంచు గీతలు కరిగి నున్నగా అయిపోయాయి, టంకం మరక నాణెం మీదికి పాకింది. డెబ్భై ఏళ్ళు చీర అంచుకు రాసుకుని చార్మినార్ కిటికీలు అరిగిపోయాయి. రింగు ఎందుకంటే అమ్మ చెప్పే జవాబు సింపుల్: “పెట్టెల ఉంటే మగోళ్ళు అమ్ముతరు బిడ్డా, మెడల ఉంటే అడగాలె.” చట్టం కూడా నగ వైపే మొగ్గింది. 1968 బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యేదాకా ముడి బంగారం ఇంట్లో ఉంచుకోనివ్వలేదు. ఆ రోజుల్లో బంగారం మెడలో నగగా ఉంటేనే నిశ్చింత.

గ్రేడింగ్ కంపెనీ భాషలో ఈ నాణేనికి మార్కు లేదు. తొలినాళ్ళలో ఇలాంటివాటిని డబ్బీలో పెట్టకుండా ప్లాస్టిక్ సంచీలో వేసి తిప్పి పంపేవాళ్ళు. శవాల సంచీ అని దానికి పేరు! తర్వాత కాస్త దయ చూపి, అంకె వేయకుండా, నగ నుంచి తీసినది, దెబ్బతిన్నది అని రాసి సీలు చేస్తున్నారు. 65 వచ్చిన అష్రఫీ అంటే ఎవరి మెడా ఎక్కనిది, ఎవరి చేతుల్లోనూ అరగనిది, ఏ పెట్టెలోనో కదలకుండా పడి ఉన్నది. దానికి అందం ఉంది, కాదనను. కానీ ప్లాస్టిక్ డబ్బీ ఎన్ని చేతులు మారింది, దాని మీద గీతలేంటి, లేబుల్ ఏ ఏటిది అని ముచ్చటపడే మనిషి, నాణెం మీది డెబ్భై ఏళ్ళ జీవితాన్ని మాత్రం లోపంగా చూడటం నాకు మింగుడు పడదు. ముప్పై ఏళ్ళనాటి ప్లాస్టిక్‌కు చరిత్ర ఉన్నప్పుడు టంకానికి ఎందుకు ఉండదు?

పోనీ మన దగ్గర దాని విలువ తెలుసా అంటే, షాపులో తెలిసేది తూకం, టచ్చు, అంతే. తులం లక్ష దాటాక పాత నగలు మార్పించడం ఇంకా పెరిగింది. రింగు అష్రఫీకి నాణెంగా ధర రాదు కాబట్టి నేరుగా మూసలోకే పోతుంది. విదేశానికి పంపి మార్కు వేయించుకుందామన్నా, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. ఈ వందేళ్ళ గీత ఏటా ఒక్కో అడుగు ముందుకు జరుగుతుంది. హిజ్రీ 1343లో అచ్చయినవి ఇప్పటికే దాని అవతల ఉన్నాయి. చట్టం ఎల్లలు దాటకుండా ఆపుతుంది సరే, లక్ష్మీనగర్‌లో కరగకుండా ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

కరిగించే ముందు ఒకసారి రింగు ఎక్కడుందో చూడండి. నేను చూసినవాటిలో దాదాపు అన్నిటికీ మినార్ల పైనే ఉంది, మెడలో వేసుకుంటే చార్మినార్ నిటారుగా నిలబడేలా. టంకసాల దృష్టిలో ఏది ముందువైపైనా, పర్షియన్ చదవడం రాని అవుసులాయన, ఆ నగ పెట్టుకున్నామె కలిసి తమ బొమ్మ ఏదో తేల్చుకున్నారు.

రెండేళ్ళుగా ఇంటికి పోయినప్పుడల్లా తెలిసినవాళ్ళ అష్రఫీలకు కాగితం కవర్లు తయారుచేస్తున్నాను. రెండువైపులా ఫోటో, బరువు, హిజ్రీ సంవత్సరం, కమానులో అక్షరం, రింగు స్థానం, ఏ ఊరి నుంచి ఎవరి పెళ్ళికి వచ్చింది. మార్కు వేయను. ఇప్పటికి పదకొండు కవర్లయ్యాయి. అందులో రెండింటి నాణేలు ఇప్పుడు లేవు. ఒకటి కూతురి ఇంజినీరింగ్ ఫీజు కోసం, ఒకటి ఆపరేషన్ కోసం అమ్మేశారు. ఆ రెండు కవర్లూ వాళ్ళ బీరువాల్లో పట్టాకాగితాల పక్కన ఉన్నాయి.