ఇప్పసారా బట్టినుండి ఇథనాలు స్తంభమువరకు

పూర్వపు మహబూబునగరము జిల్లాలో, నల్లమల అడవుల నడుమ, అమ్రాబాదు పీఠభూమి కలదు. 2016 నుండి అది నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఎండకాలము మొదట తెల్లవారుజామున అచ్చటి ఇప్పచెట్ల క్రింద నేలంతయు పూలతో నిండియుండును. చెంచులు వానిని ఏరి ఎండబెట్టి, కొన్నిటిని ఆహారముగాను కొన్నిటిని సారాకును వాడుచు వచ్చిరి. ఎండిన పువ్వు బరువులో సగమునకు పైగా చక్కెరలే. పువ్వును నీట నానబెట్టినచో ఈస్టు కణములు ఆ చక్కెరలను ఆల్కహాలుగా మార్చును. ఈ ఊటను కుండలో మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుటయే సారా బట్టి.

ఆల్కహాలు 78.4 డిగ్రీల సెంటీగ్రేడు కడ మరుగును, నీరు 100 డిగ్రీల కడ మరుగును. కావున ముందు ఆల్కహాలంతయు పోయి పిదప నీరు పోవునని మన విద్యార్థులు చాలమంది వ్రాయుదురు. ఇది పొరపాటు. బరువున నూటికి 10 పాళ్లు ఆల్కహాలుగల ఊటలో ఉష్ణమాపకము నుంచి చూడుడు. 90 డిగ్రీలు దాటినగాని అది మరుగదు. మరిగినప్పుడు రెండును కలిసియే ఆవిరియగును. అయితే ఆవిరిలో ఆల్కహాలు పాలు హెచ్చు. ఆ మొదటి ఆవిరిలో దాదాపు సగము ఆల్కహాలే. కుండలో ఆల్కహాలు తరిగినకొలది ఆవిరియు పలుచనగును.

ఆ సగపాలు ద్రవమును వేరుగా మరిగించినచో నూటికి 75 పాళ్లకు మించిన ఆవిరి వచ్చును. ఇట్లు మరల మరల చేయుటకు ఎన్ని కుండలు, ఎంత కట్టె! స్తంభము ఈ పనినంతను ఒక్కచోటనే చేయును. దానిలో ఒకదానిపై నొకటి పళ్లెములుండును. ఆవిరి పైకి పోవును, ద్రవము క్రిందికి జారును. ఆవిరి ద్రవమగునప్పుడు విడుచు వేడియే పై పళ్లెములోని ద్రవమును మరిగించును. కనుక ఒక్కొక్క పళ్లెము ఒక్కొక్క కుండవంటిది. కాని వేరుగ కట్టె అక్కరలేదు. ఇదియే అంశిక స్వేదనము. ముడినూనెనుండి పెట్రోలును, కిరోసినును వేరుచేయునదియు నిదే. 1830లో తన స్తంభమునకు పేటెంటు పొందిన ఏనియస్ కాఫీ, ఐర్లండులో అంతకుముందు దొంగబట్టీలను పట్టిన ఆబ్కారీ ఉద్యోగి యగుట వింత.

నైజాము రాజ్యములోను ఆబ్కారీ గొప్ప ఆదాయమే. హైదరాబాదు నారాయణగూడలో సర్కారు బట్టి వెలసినది. ఇంటి బట్టి నేరమైనది. పువ్వు ఒక్కటే, కుండ ఎవరిదను దానినిబట్టి న్యాయము మారినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కొరత కలుగగా ఇప్పపువ్వుపై శాస్త్రజ్ఞుల చూపు పడినది. టన్ను ఎండుపువ్వునుండి 95 పాళ్ల ఆల్కహాలు 90 గాలనులు, అనగా సుమారు 410 లీటర్లు వచ్చునని లెక్కకట్టిరి. కాని పువ్వును అడవియంతయు తిరిగి ఏరవలెను. 1937లో బోధనులో నైజాము చక్కెర కర్మాగారము నెలకొనిన పిదప, చక్కెర తీయగా మిగులు మడ్డి ఒక్కచోటనే కుప్పలుగా దొరకజొచ్చినది. ఇప్పపువ్వు వెనుకబడినది.

పెట్రోలులో ఆల్కహాలు కలుపుటకై 1948లో భారత ప్రభుత్వము చట్టము చేసినది. ఇచ్చట ఒక చిక్కు కలదు. ఆల్కహాలులో నీరు మిగిలియున్నచో పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. స్తంభమునకు ఎన్ని పళ్లెములు చేర్చినను 95.6 పాళ్లు దాటదు. ఆ మిశ్రమము మరుగునప్పుడు ఆవిరి, ద్రవము ఒకే పాళ్లలో నుండును. 1902లో సిడ్నీ యంగ్ దానికి బెంజీను చేర్చి మరిగించెను. బెంజీను, నీరు, ఆల్కహాలు మూడును కూడి 65 డిగ్రీల లోపుననే ఆవిరియై నీటిని కొనిపోవును; అడుగున శుద్ధమైన ఆల్కహాలు నిలుచును. బెంజీను విషము. అందుచే ఇప్పుడు నీటి అణువులనుమాత్రమే లోనికి రానిచ్చు సన్నని రంధ్రముల జియొలైటు గుళికలను వాడుచున్నారు.

2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 పాళ్లకు చేరినది. మడ్డితోబాటు నూకలు, మొక్కజొన్నలు కూడ దానికి ముడిసరకు. స్తంభము ఆల్కహాలును పైకి పంపును. మిగిలినదంతయు అడుగుననే యుండును, అదియు ఆల్కహాలుకంటె అనేక రెట్లు. పాత పాలమూరు జిల్లాలోనిదే యగు చిత్తనూరులో 2023లో గ్రామస్థులు ఆందోళనకు దిగినది ఇథనాలు కర్మాగారపు వ్యర్థజలములను గూర్చియే. ఆ నీటిని మరల మరిగించి, ఆవిరిని చల్లార్చి కర్మాగారములోనే వాడుకొనవలెను. మిగిలిన గట్టి పదార్థమును ఎండబెట్టి పశువుల దాణాగా అమ్మవచ్చును. దానికి మరల ఇంధనము కావలెను.