భిలాయ్ పట్టా, మాస్ స్పెక్ట్రోమీటర్: ఉక్కు పరీక్ష వెనుక చరిత్ర

భిలాయ్ అనగానే మనం రాసే జవాబు ఒకటే: రెండో పంచవర్ష ప్రణాళిక, 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్. ప్రిలిమ్స్‌కు ఇది చాలు. మెయిన్స్ కోసం ఇంకో ప్రశ్న వేసుకోండి: అక్కడ తయారైన రైలు పట్టా లోపల కూడా గట్టిదేనని ఎలా తేలుస్తారు?

1911లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం మాంచెస్టర్ దగ్గర పట్టా విరిగి రైలు పడిపోయింది. 29 మంది చనిపోయారు. పైకి బాగానే ఉన్న పట్టా లోపల పగులు దాగి ఉంది. ఇలాంటి పగుళ్లకు ఉక్కులో చిక్కుకున్న హైడ్రోజన్ ముఖ్య కారణమని తర్వాతి దశాబ్దాల్లో తేలింది. పది లక్షల భాగాల్లో కొద్ది భాగాలున్నా ప్రమాదమే.

అంత కొద్దిపాటి పదార్థాన్ని పసిగట్టే పరికరానికి బీజం పడింది కూడా ఆ రోజుల్లోనే. 1912లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్ నియాన్‌లో 20, 22 ద్రవ్యరాశులున్న రెండు రకాల పరమాణువుల జాడ చూశారు. 1919లో ఆయన దగ్గర పనిచేసిన ఆస్టన్ మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ నిర్మించి, 1922లో రసాయన నోబెల్ అందుకున్నారు. 1940ల నాటికి ఈ పరికరం చమురు శుద్ధి కర్మాగారాలకూ, యురేనియం ఐసోటోపుల పరీక్షకూ చేరింది.

సూత్రం మూడు ముక్కల్లో: నమూనాను అయాన్లుగా మార్చాలి, ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తిని బట్టి వేరుచేయాలి, లెక్కపెట్టాలి.

ఇక ఉక్కు దగ్గరకు రండి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. కార్బన్, మాంగనీస్, ఫాస్ఫరస్‌లను రోజువారీగా కొలిచేది ఆప్టికల్ ఎమిషన్ స్పెక్ట్రోమీటర్; అది చూసేది కాంతిని. మాస్ స్పెక్ట్రోమీటర్ తూచేది అయాన్లను. కరిగిన ఉక్కును శూన్యంలో ఉంచి వాయువులు తీసేటప్పుడు, ఏ వాయువు ఎంత వస్తోందో అది వెంటవెంటనే చెప్పగలదు. ఇందులోనూ ఒక చిక్కుంది: కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ రెండింటి ద్రవ్యరాశీ 28. అవి విరిగినప్పుడు వచ్చే 12, 14 ముక్కలను బట్టి వాటిని విడదీస్తారు.

మన హైదరాబాద్‌లో బాబా అణు పరిశోధన కేంద్రం కింద పదార్థాల సంఘటనాన్ని తేల్చే జాతీయ కేంద్రమే ఉంది. జవాబులో ఈ ఉదాహరణ వాడుకోండి.

గుర్తుంచుకోవాల్సింది ఇదే: ఉత్పత్తి సామర్థ్యం టన్నుల్లో కనిపిస్తుంది, ప్రయాణికుడి ప్రాణం మాత్రం పీపీఎంల మీద ఆధారపడి ఉంటుంది.

సాధన ప్రశ్న: "భారీ పరిశ్రమల నిర్మాణంతో పాటు నాణ్యతా పరీక్షల సామర్థ్యమూ పెరగాలి." భిలాయ్ ఉదాహరణతో చర్చించండి. (150 పదాలు)