అనార్యశబ్దమును జర్మను శాసనములును

శబ్దము దేశాంతర మేగి యర్థాంతరము పొందుట వింత గాదు. కాని సంస్కృతవాఙ్మయమునఁ బూజ్యుఁడు, సత్కులజుఁడు అను నర్థములఁ బ్రసిద్ధమైన యార్యశబ్దము 1933వ సంవత్సరమున జర్మనీ శాసనముల కెక్కి వేలకొలఁది జనుల జీవనోపాధిని హరించినది.

ఆ యేఁడు జనవరి 30వ తేదిని హిట్లరు చాన్సలరు పదవి నధిష్ఠించెను. అప్పు డా దేశమున యూదులు సుమా రైదులక్షలు. జనసంఖ్యలో నూటి కొక్కరైనను లేరు. ఏప్రిలు 1వ తేదిని నాజీపక్షమువారు యూదుల యంగళ్ళ వాకిళ్ళ నిలిచి కొనువారి నడ్డగించిరి. 7వ తేదిని ఉద్యోగశాసనము పుట్టెను. ఆర్యవంశజులు కాని యుద్యోగులను దొలఁగింపవలె నని దాని విధి.

అనార్యుఁ డనఁగా నెవఁడు? నాలుగుదినములకు వెలువడిన నియమావళి యిట్లు చెప్పెను: తల్లిదండ్రులలోఁ గాని, పితామహ మాతామహ దంపతులలోఁ గాని యొక్కరు ఆర్యేతరులైనఁ జాలును; ఆ పూర్వులు యూదమతస్థులై యున్నచో నది విశేషముగా నిశ్చితము. ఇందలి తర్కమును బండితులు పరికింపవలయును. రక్తమున నే లక్షణమును దొరకనందునఁ దుదకు మతమే ప్రమాణ మయ్యెను. జాతి సాధ్యముగాను మతము హేతువుగాను జేసిన యీ యనుమానమునకు వ్యాప్తి యెక్కడిది? తాను క్రైస్తవుఁడై పుట్టి పెరిగినను తాత మతమే మనుమని బట్టియిచ్చెను. ఉద్యోగులు తమ పూర్వుల జ్ఞానస్నానపత్రములకై చర్చిపుస్తకములు వెదకవలసి వచ్చెను. ఆర్యశబ్దము భాషకుఁ జెల్లునే కాని నెత్తురునకుఁ జెల్లదని ఋగ్వేదమును ముద్రింపించిన మాక్సుముల్లరు 1888లోనే హెచ్చరించియుండెను. విన్నవారు లేరు.

హాలె విశ్వవిద్యాలయమున సంస్కృతమును, భారతీయదర్శనములను బోధించుచుండిన బెట్టీ హైమన్ అను విదుషి 1933లోనే 'అనార్య' యని బోధనాధికారముఁ గోల్పోయి లండను చేరెను. ఆర్యశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పఁగలిగిన యామెను ఆ శబ్దమే వెడలఁగొట్టినది. హైడెల్బర్గున హైన్రిక్ జిమ్మరు, భార్య యూదసంతతికిఁ జెందిన దగుటచే, 1938లోఁ దొలఁగింపఁబడెను.

1935 సెప్టెంబరు 15వ తేదిని నూరెంబర్గున వెలువడిన శాసనములు ఆర్యశబ్దమును విడిచి 'జర్మను రక్తము, తత్సంబంధి రక్తము' అను మాటలఁ జేకొనినవి. యూదులు పౌరత్వమును గోల్పోయిరి. ఆ రక్తమువారితో వివాహము నిషిద్ధ మయ్యెను. యూదుఁ డెవఁడో తేల్చుటకు నవంబరులో మరల నియమములు చేసిరి. అందును దాతల మతమే యాధారము.

1938 ఆగస్టులోఁ బేరులకు వంతు వచ్చెను. అనుమతించిన యూదనామము లేని పురుషుఁడు ఇస్రాయేలు అనియు, స్త్రీ సారా అనియుఁ దమ పేరునకుఁ జేర్చుకొనవలెను. నవంబరు 9, 10 తేదులలో ప్రార్థనామందిరములను దగులఁబెట్టి, దాదాపు 30,000 మంది పురుషులను నిర్బంధశిబిరములకుఁ గొనిపోయి, యూదులమీఁదనే నూఱుకోట్ల మార్కుల జుల్మానా విధించిరి.

యుద్ధమునకు మూఁడున్నర నెలల ముందు, 1939 మే 17వ తేదిని జరిగిన జనసంఖ్యాగణనమున ఇంటింటికిని వేఱొక పత్ర మిచ్చి, యొక్కొక్కరి నలుగురు పూర్వులలో యూదు లెవరో వ్రాయించుకొనిరి.