ప్యానిక్ ఎటాక్ వస్తే నిజంగా స్పృహ తప్పుతుందా? 'టెన్షన్‌తో కళ్లు తిరిగాయి' అని వదిలేయకూడనిది ఎప్పుడు?

పరీక్ష హాల్లో కూర్చున్న విద్యార్థినికి ఉన్నట్టుండి గుండె దడ మొదలవుతుంది. చేతులు వణుకుతాయి, ఊపిరి అందనట్టు ఉంటుంది. పడిపోతానేమోనని బెంచీని గట్టిగా పట్టుకుంటుంది. మరో చోట, స్కూలు ప్రేయర్‌లో ఎండలో నిలబడిన అమ్మాయి మొహం పాలిపోతుంది. చెమటలు పడతాయి. పక్కనున్నవారు పట్టుకునేలోపే కింద పడిపోతుంది.

ఇంటికి చేరే కబురు మాత్రం రెండు చోట్లా ఒకటే: "టెన్షన్‌తో కళ్లు తిరిగాయి."

నిజానికి ఈ ఇద్దరి శరీరాల్లో జరిగింది దాదాపు ఒకదానికొకటి వ్యతిరేకం. మొదటి అమ్మాయిలో గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. రెండో అమ్మాయిలో రక్తపోటు పడిపోయింది. 'కళ్లు తిరగడం' అనే ఒక్క మాట రెండింటినీ కలిపేస్తుంది. చికిత్సలో పొరపాట్లు చాలాసార్లు ఇక్కడే మొదలవుతాయి.

ప్యానిక్ ఎటాక్‌లో ఏం జరుగుతుంది?

'యాంగ్జైటీ ఎటాక్' అనే మాట వాడుకలో ఉన్నా, అది వైద్యులు రాసే రోగనిర్ధారణ పేరు కాదు. వారు వాడే పదం 'ప్యానిక్ ఎటాక్'. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 దీనికి 13 లక్షణాలను పేర్కొంది. వాటిలో కనీసం నాలుగు ఒక్కసారిగా మొదలై, నిమిషాల్లోనే తీవ్ర స్థాయికి చేరితే దాన్ని ప్యానిక్ ఎటాక్ అంటారు.

ఆ జాబితాలో కళ్లు తిరగడం, తూలడం, స్పృహ తప్పుతున్నట్టు అనిపించడం ఉన్నాయి. నిజంగా స్పృహ కోల్పోవడం మాత్రం లేదు.

ప్రమాదం ఉందని మెదడు భావించగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. పారిపోవడానికో ఎదుర్కోవడానికో శరీరం సిద్ధమవుతుంది కాబట్టి గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. స్పృహ తప్పాలంటే మెదడుకు రక్తం తగ్గాలి. అందుకే ప్యానిక్ ఎటాక్ ఒక్కటే కారణంగా స్పృహ తప్పడం అరుదు.

మరి కళ్లు ఎందుకు తిరుగుతాయి? భయంలో శ్వాస వేగం పెరుగుతుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడులోని రక్తనాళాలు కొంత సన్నబడతాయి. తల తేలిపోతున్నట్టు ఉండటం, పెదవుల చుట్టూ తిమ్మిర్లు, వేళ్లు కొంకర్లు పోవడం దీనివల్లే. అవి చూసి భయం పెరుగుతుంది, భయంతో శ్వాస ఇంకా వేగమవుతుంది.

స్పృహ తప్పేది ఎలా?

మెదడుకు రక్తప్రసారం కొన్ని సెకన్లు ఆగినా స్పృహ పోతుంది. దీన్ని వైద్యులు 'సింకొపీ' అంటారు. ఇది హఠాత్తుగా వస్తుంది, కొద్దిసేపే ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది.

ఇందులో ఎక్కువగా కనిపించేది 'వేసోవేగల్' రకం. 1932లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ ఈ పేరు పెట్టారు. ఎక్కువసేపు నిలబడటం, ఉక్కపోత, నొప్పి, రక్తం చూడటం వంటివి దీనికి కారణమవుతాయి. రక్తనాళాలు వదులై, గుండె వేగం తగ్గి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. పడిపోయి అడ్డంగా ఉండగానే మెదడుకు రక్తం అంది స్పృహ వస్తుంది.

పడిపోయినప్పుడు చేతులు, కాళ్లు కొన్ని సెకన్లు కొట్టుకుంటే చాలామంది మూర్ఛ అనుకుంటారు. జర్మనీలో ఆరోగ్యవంతులైన వలంటీర్లకు కృత్రిమంగా స్పృహ తప్పించి చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతం మందికి ఇలాంటి కదలికలు కనిపించాయి. అంటే కొద్దిపాటి కుదుపులు ఉన్నంత మాత్రాన అది మూర్ఛ కాదు.

భయమే పడగొట్టే సందర్భం

సూది, రక్తం, గాయం అంటే ఉండే తీవ్ర భయం దీనికి మినహాయింపు. ఇందులో రక్తపోటు మొదట పెరిగి, వెంటనే పడిపోతుంది. ఇలాంటి వారు రక్తపరీక్షకు వెళ్లి నిజంగానే స్పృహ తప్పుతారు.

దీనికి స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-యోరన్ ఓస్ట్ 1980లలో ఒక పద్ధతి రూపొందించారు. చేతులు, కాళ్లు, ఛాతీ కండరాలను 10 నుంచి 15 సెకన్లు బిగించి, 20 నుంచి 30 సెకన్లు వదులుతూ కొన్నిసార్లు చేయాలి. దీంతో రక్తపోటు పడిపోకుండా ఉంటుంది. ప్యానిక్ ఎటాక్‌లో శరీరాన్ని వదులు చేయమంటారు, ఇక్కడ బిగించమంటారు. కాబట్టి తన సమస్య ఏదో తెలియడం ముఖ్యం.

'టెన్షన్' అని వదిలేయకూడనిది ఎప్పుడు?

భయపడినప్పుడు పడిపోయారంటే కారణం మనసే అనుకోవడం సహజం. కానీ 'లాంగ్ క్యూటీ సిండ్రోమ్' వంటి వంశపారంపర్య గుండె లయ సమస్యల్లో పరుగు, ఈత, ఉద్వేగం, హఠాత్తుగా మోగిన అలారం కూడా ప్రాణాంతకం కావచ్చు. పైకి అది భయపడి పడిపోయినట్టే కనిపిస్తుంది.

కింది వాటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా గుండె పరీక్షలు చేయించాలి:

• వ్యాయామం, ఆట, ఈత మధ్యలో స్పృహ తప్పడం
• పడుకుని ఉండగా స్పృహ తప్పడం
• ఏ సూచనా లేకుండా పడిపోయి గాయపడటం
• పడిపోయే ముందు ఛాతీ నొప్పి లేదా గుండె దడ రావడం
• కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణం జరిగి ఉండటం
• ఇప్పటికే గుండె జబ్బు ఉండటం

స్పృహ తప్పిన ప్రతి ఒక్కరికీ ఈసీజీ ప్రాథమిక పరీక్ష. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు బీపీ కూడా చూడాలి. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే సమస్య నిలబడినప్పుడు బీపీ పడిపోవడం. నీళ్లు తక్కువ తాగడం, రక్తస్రావం, కొన్ని బీపీ మందులు దీనికి కారణం కావచ్చు. నిలబడిన 10 నిమిషాల్లో గుండె వేగం 30కి పైగా పెరిగే 'పాట్స్' సమస్యను కూడా తరచూ ఆందోళనగా పొరబడుతుంటారు.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

'కళ్లు తిరిగాయి' అనే మాటతో ఆపకూడదు. నేలను తాకిన క్షణం గుర్తుందా? చుట్టుపక్కల మాటలు వినిపిస్తూనే ఉన్నాయా? నిలబడి ఉన్నారా, కూర్చుని ఉన్నారా? ఎంతసేపటికి తేరుకున్నారు? లేచాక తికమకగా ఉందా? చూసినవారు వెంట వెళ్తే మరీ మంచిది. వీలైతే ఫోన్‌లో తీసిన వీడియో చూపించాలి. ఎక్కువసేపు కళ్లు మూసుకుని పడి ఉండటం, అది రోజుకు పలుమార్లు జరగడం వంటివి మానసిక కారణాన్ని సూచించవచ్చు. అది నటన కాదు, దానికీ చికిత్స అవసరం.

పక్కనున్నవారు ఏం చేయాలి?

పడిపోయిన వ్యక్తిని కూర్చోబెట్టకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. చేతిలో ఇనుప తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. నిమిషంలోపు స్పృహ రాకపోతే 108కి ఫోన్ చేయాలి. శ్వాస సరిగా లేకపోతే ఫోన్ చేస్తూనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ప్యానిక్ ఎటాక్ అయితే పక్కన కూర్చుని, నెమ్మదిగా ఊపిరి వదలమని చెప్పాలి. కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కాను ఇప్పుడు వైద్యులు సూచించడం లేదు. అది ఉబ్బసమో గుండె సమస్యో అయితే ఆక్సిజన్ తగ్గి ప్రమాదం అవుతుంది.

ప్యానిక్ ఎటాక్‌లు పదేపదే వస్తుంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అవసరమైతే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ-మానస్ హెల్ప్‌లైన్ 14416 ద్వారా తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.

అయితే నిజంగా స్పృహ తప్పిన వ్యక్తికి ముందు ఈసీజీ తీయాలి. 'టెన్షన్' అనే నిర్ణయానికి ఆ తర్వాతే రావాలి.