మేళం

తణుకులో పెళ్లి కుదిరిందంటే పెద్దవాళ్లు అడుగుతారు: "మేళం ఎవరికి చెప్పారు?" కలయిక అనే అర్థమున్న సంస్కృత పదమిది. ఒకదానితో ఒకటి సంబంధంలేని బృందాలన్నిటికీ ఇదే పేరు. సన్నాయి మేళంలో డోలు, శ్రుతి. తాళి కట్టేవేళ పురోహితుడు వేలు ఆడించగానే గట్టిమేళం. ఇంగ్లీషు పటాలాల క్లారినెట్టు, ట్రంపెట్టు చేరితే బ్యాండు మేళమైంది. కూచిపూడి భాగవతులదీ మేళమే.

వంశపారంపర్య నర్తకులైన కలావంతుల మేళాలకు మాత్రం ఆ పేరే మచ్చయింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం అమ్మాయిలను గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించింది. అది న్యాయమే. కానీ గుళ్లలో వారి ఆటనూ ఆపేసింది. గోదావరి జిల్లాల్లో పదాలనీ జావళీలనీ తరాలుగా అభినయించి నిలిపింది వాళ్లు. "భోగం మేళం" అని వారి మేళాలను పిలిచిన మాటను ఎగతాళికి వాడడం ఇకనైనా మానండి.